సవరణ: 90 రోజుల మాట జియాది, ముషారఫ్‌ది కాదు

పాకిస్తాన్ సైనిక పాలకులు జియా ఉల్ హక్, పర్వేజ్ ముషారఫ్‌లను పోలుస్తూ రాసిన పోస్టులో, ఇద్దరూ 90 రోజుల్లో ఎన్నికలు పెడతామని మాట తప్పారని రాశాను. అది తప్పు. ఆ మాట ఇచ్చింది జియా ఒక్కడే, 1977 జులైలో. ఎన్నికలు జరిగింది 1985 ఫిబ్రవరిలో, అదీ పార్టీలు లేకుండా.

ముషారఫ్‌కు గడువు పెట్టింది సుప్రీంకోర్టు. 1999 అక్టోబర్‌లో ఆయన చేసిన సైనిక తిరుగుబాటును సమర్థిస్తూనే మూడేళ్లలో ఎన్నికలు జరపాలంది. 2002 అక్టోబర్‌లో ఆయన జరిపారు కూడా. అయితే దీన్ని ఆయన ప్రజాస్వామ్య నిష్ఠగా నేను చూడను. అదే ఏడాది ఏప్రిల్‌లో రెఫరెండంతో మరో ఐదేళ్లు అధ్యక్ష పదవి ఖాయం చేసుకున్నారు. ఎన్నికలకు ముందే, అసెంబ్లీని రద్దు చేసే అధికారాన్ని రాజ్యాంగంలోకి తిరిగి తెచ్చుకున్నారు. మాజీ ప్రధానులు బేనజీర్ భుట్టో, నవాజ్ షరీఫ్ ఇద్దరూ అప్పుడు దేశం బయటే ఉన్నారు. ఆ ఎన్నికల్లోనే మతపార్టీల కూటమి వాయవ్య సరిహద్దు రాష్ట్రంలో (ఇప్పటి ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా) అధికారంలోకి వచ్చింది. తీవ్రవాదంపై పోరు అంటున్న నాయకుడి హయాంలో ఇది జరగడం నాకు చాలా ముఖ్యంగా అనిపిస్తుంది. మొదటి పోస్టులో దీన్ని వదిలేయకుండా ఉండాల్సింది.

ఇంకొకటి. ముషారఫ్ లష్కరే తోయిబా, జైషే మహమ్మద్‌లను "తుడిచిపెట్టారు" అని రాశాను. 2002 జనవరిలో ఆయన చేసింది నిషేధం మాత్రమే. అవి కొత్త పేర్లతో మళ్లీ పని చేశాయి.

జియా తెచ్చిన హుదూద్ చట్టాల (ఇస్లామిక్ శిక్షల చట్టాలు) గురించి ఆ పోస్టులో రాసిన భాగంలో మార్పు లేదు.