సవరణ: రైఫిల్ స్టాక్‌కు నూనె పూత

ఎయిర్ రైఫిల్ చెక్క స్టాక్‌ను, అంటే భుజానికి ఆనించి చేత్తో పట్టుకునే భాగాన్ని, ఇంట్లోనే మలచుకోవడం గురించి ఇంతకు ముందు రాసినదానిలో ‘చివరగా అవిసె నూనె పట్టించండి’ అన్న వాక్యాన్ని ఇలా చదువుకోగలరు: ‘త్వరగా ఆరేందుకు రసాయనం కలిపి అమ్మే బాయిల్డ్ అవిసె నూనెను పలుచగా పట్టించి, కాసేపాగి మిగిలినది తుడిచేయండి.’ పచ్చి నూనె ఆరడానికి వారాలు పట్టవచ్చు. చెంపకు జిగట అంటుతుంటే గురి ఏం కుదురుతుంది?

అంతకన్నా ముఖ్యం, తుడిచిన గుడ్డ. దాన్ని ఉండచుట్టి మూలన పడేస్తే, నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి వేడెక్కుతుంది. నిప్పు తగలకుండానే గుడ్డ అంటుకోగలదు. ఆరుబయట పరిచి ఆరబెట్టండి, లేదా నీటితో తడిపి మూత ఉన్న లోహపు డబ్బాలో ఉంచండి.

ఇక స్టాక్‌ను మలిచేటప్పుడు చెక్కను అరగదీయడం చెంప ఆనే చోట, చేతిపట్టు దగ్గర మాత్రమే. గొట్టం, ట్రిగ్గర్ ఉన్న యంత్రభాగం కూర్చునే గాడి జోలికి వెళ్లవద్దు. అక్కడ వదులైతే గుళ్లు చెదురుతాయి.