మిడ్‌లాండ్ రైల్వే వారి చిన్న ఇంజన్ల విధానం గారికి

పెద్ద ఇంజన్లు వద్దు, చిన్నవే చాలన్న ఇంగ్లండు పాత రైలు కంపెనీ మిడ్‌లాండ్ వారి నియమం, మహారాజశ్రీ చిన్న ఇంజన్ల విధానం గారి దివ్యసముఖమునకు, లీడ్స్‌లో కాపురముంటున్న ఒక తెలుగు ప్రయాణికుడు వ్రాసుకొను విన్నపములు.

ఉభయకుశలోపరి. ఆనవాయితీ కాబట్టి రాశాను. కుశలం సంగతి నా మోకాళ్ళను అడగండి. మొన్న శనివారం పిల్లలకు రిబుల్‌హెడ్ వంతెన చూపిద్దామని కార్లైల్ బండికి వెళ్తే, ప్లాట్‌ఫారం నిండా జనం, వచ్చినవి రెండే రెండు పెట్టెలు. ఎవరిదో బ్యాగు నా డొక్కలో, నా మోచెయ్యి ఇంకెవరి వీపులోనో. ఇరవై నాలుగు కమానుల వంతెన దాటామని పక్కాయన చెబితే తెలిసింది. మధ్యాహ్నమంతా బూడిదలో పోసిన పన్నీరు.

ఈ లైను వేసింది తమరి మిడ్‌లాండ్ వారే. 1923లో ఆ కంపెనీ ఎల్.ఎమ్.ఎస్. అనే పెద్ద రైలు కంపెనీలో కలిసిపోయినా, జనం ఎంతమంది ఎక్కినా సరే బండి మాత్రం చిన్నదే ఉండాలన్న తమరి పట్టుదల ఈ పట్టాల మీద ఇంకా సజీవంగా ఉందండి.

పొదుపరులు తమరు. గ్రేట్ వెస్టర్న్ అనే మరో కంపెనీ వాళ్ళు 1907 కల్లా ఆరు నడుపు చక్రాల స్టార్ తరగతి ఇంజన్లు దింపితే, తమరు ప్యాసింజరుకు నాలుగు చక్రాలు చాలన్నారు. తేలిక బండ్లు తరచుగా నడుపుతాం, పెద్ద ఇంజనెందుకన్నారు. వినడానికి బాగానే ఉంది. మరి బండి బరువైతే? ముందు ఇంకో చిన్న ఇంజన్ తగిలించడం, దాన్నే పైలట్ ఇంజన్ అంటారు. పీట మీద పీట వేసి అటక అందుకోవడం అన్నమాట. రెండు బాయిలర్లు, నలుగురు మనుషులు, రెట్టింపు నీళ్ళు, ఒక్క బండి. దీని పేరు పొదుపు!

ఆ పైలట్ ఇంజన్ బండిని కొండ ఎక్కించాక ఏమవుతుంది? విడిపోయి, ఈ లైనులోనే కొండ మీదున్న హాస్ జంక్షన్ స్టేషన్‌లో, ఇంజన్ మొహం తిప్పే టర్న్‌టేబుల్ మీద తిరిగి, ఒంటరిగా ఇంటికి పోవాలి. ఎక్స్‌ప్రెస్‌ల మధ్య సందు దొరికేదాకా ఆ కొండ మీదే పడిగాపులు. 24 డిసెంబర్ 1910, తెల్లవారక ముందు, గాలివాన. రాత్రి డ్యూటీ చివర్లో ఉన్న సిగ్నల్‌మన్ చేతిలో ఇలాంటి ఖాళీ ఇంజన్లు ఒకటా రెండా. అందులో జంటగా తగిలించిన రెండింటిని మెయిన్ లైను మీద సిగ్నల్ దగ్గర నిలబెట్టి, పని ఒత్తిడిలో మరిచిపోయాడు. వెనకాల గ్లాస్గో ఎక్స్‌ప్రెస్‌కు లైన్ ఇచ్చాడు. సిగ్నల్ తమకే పడిందనుకుని ఆ ఇంజన్లు నెమ్మదిగా కదిలాయి. ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది. దానికీ ముందు రెండు ఇంజన్లే, తమరి దయవల్ల. చెక్క పెట్టెలు, గ్యాస్ దీపాలు, నిప్పంటుకుంది. పన్నెండు మంది పోయారు. తప్పు సిగ్నల్‌మన్ మీద పడింది. ఆ ఇంజన్లకు అక్కడేం పనో తమరిని ఎవరడగాలి?

సరే, మూడేళ్ళు తిరగలేదు. 2 సెప్టెంబర్ 1913, అదే కొండ, ఏస్‌గిల్. తమరి లెక్క ప్రకారం ఆ ఇంజన్‌కు గరిష్ఠ బరువు 230 టన్నులు. కార్లైల్‌లో తగిలించింది 243. డ్రైవర్ పైలట్ ఇంజన్ అడిగాడు. ఇవ్వం పొమ్మన్నారు! చిన్న ఇంజన్ చేసింది నువ్వు. రెండోది తగిలిస్తాం కదా అని సమర్థించుకున్నది నువ్వు. తీరా నోరు తెరిచి అడిగితే ఆ రెండోదీ ఇవ్వవా? పైగా పొడి కలిసిన చెత్త బొగ్గు. ఫైర్‌మన్ ఎంత పొడిచినా ఆవిరి నిలవలేదు. శిఖరం అల్లంత దూరాన ఉందనగా బండి ఆగిపోయింది. వెనక వస్తున్న బండి డ్రైవరేమో నడుస్తున్న ఇంజన్ పక్కపలక మీదికి వెళ్ళి నూనె పోసుకుంటున్నాడు. తిరిగొచ్చేసరికి బాయిలర్‌లోకి నీళ్ళు ఎక్కడం లేదు. ఆ కంగారులో సిగ్నళ్ళు చూడలేదు. ఆగి ఉన్న బండిలో నిద్రపోతున్నవాళ్ళ మీదికి అతని బండి వచ్చిపడింది. మళ్ళీ మంటలు. పదమూడు టన్నుల దగ్గర పిసినారితనం చేశావు, సిగ్గు లేదూ?

కోపంలో మర్యాద తప్పాను. చిన్న చిన్నవి కూడా చెప్పేస్తాను. ఎల్.ఎమ్.ఎస్. వాళ్ళు 1927లో టోటన్ యార్డు బొగ్గు బండ్ల కోసం గారట్ అనే భారీ జంట ఇంజన్లు చేయిస్తే, వాటికీ తమరి డెర్బీ కర్మాగారం కొలతల ఇరుసు బేరింగులే పెట్టించారు. ఆ బరువుకు అవి కాగిపోయేవి. లిక్కీ అనే నిటారు ఎక్కుడులో బండ్లను వెనక నుంచి తోయడానికి 1919లో పది చక్రాల ఇంజన్ చేశారు. ఒక్కటే! ముద్దుకైనా రెండోది లేదు.

నా పీడకలల్లోకి కాదు గానీ, కలల్లోకి తమరి కాంపౌండ్ ఇంజన్ వస్తుందండి, అది ఒప్పుకోవాలి. తమరి ఇంజనీర్లలో 1902లో జాన్సన్ మొదలుపెట్టి, 1905 నుంచి డీలీ చెక్కినది. మధ్య సిలిండర్‌లో వాడిన ఆవిరినే పక్క సిలిండర్లు రెండూ మళ్ళీ వాడుకుంటాయి. నిజమైన పొదుపంటే అదీ. ఆ ఎర్రరంగు, ఆ నడుము... నంబరు 1000 ఈనాటికీ భద్రంగా ఉంది, చూసి రండి.

ఇట్లు,
నిలబడి ప్రయాణించిన విధేయుడు

తా.క.: 1914లో సోమర్‌సెట్ అండ్ డోర్సెట్ అనే ఉమ్మడి లైనుకు తమరి డెర్బీలోనే ఎనిమిది నడుపు చక్రాల ఇంజన్లు ఆరు చేశారట. కొండలు అవలీలగా ఎక్కేవట. అంటే చేతకాక కాదన్నమాట. మరి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, సొంతానికి ఉంచుకుంటే మీ సొమ్మేం పోయేది?