అడిగితే కదా తెలిసేది

"పాపతో నీకు కుదరదులే అని పిలవలేదే." నా కాలేజీ ఫ్రెండ్స్ అన్న ఈ మాటకి ఒళ్ళు మండిపోతోంది. కుదురుతుందో లేదో చెప్పాల్సింది నేను కదా!

నిన్న పాపకి పెరుగన్నం తినిపిస్తూ ఫోన్ చూస్తే, ఆర్కే బీచ్‌లో అందరూ. చేతుల్లో మురీ మిక్చర్ పొట్లాలు, వెనకాల కురుసుర సబ్‌మెరైన్. ఎంవీపీ కాలనీలోని మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. కాలేజీ రోజుల్లో వీళ్ళ కోసం గాజువాక నుంచి బస్సు మారి మరీ వచ్చేదాన్ని.

పాప ఎనిమిదింటికల్లా నిద్రకొస్తుంది, నిజమే. అరగంట కూర్చుని వచ్చేసేదాన్ని. రెండేళ్ళ పిల్ల, ఇసక కనిపిస్తే ఎవరి జోలికీ పోదు. ఆ ఫొటో చూసి "అమ్మా, సముద్రం" అంటూ పెరుగు వేలు తెర మీద పెట్టింది. నాకు గొంతు పట్టేసింది.

ఆదివారం మళ్ళీ వెళ్తారట. ఒక్క ఫోన్ చెయ్యండే. రాలేకపోతే నేనే చెప్తాను.