గోరంత స్థలం, రెండు కోట్ల ప్లాట్లు

మా బావమరిది గృహప్రవేశానికి ఫోటోల బాధ్యత నాకే అప్పగించారు, ఎందుకంటే బంధువుల్లో 20 మెగాపిక్సెళ్ల కెమెరా, అంటే బొమ్మను 2 కోట్ల చుక్కలుగా తీసేది, ఉన్నది నా ఒక్కడి దగ్గరే, ఆ సంగతి అందరికీ తెలిసేలా నేను చాలాకాలంగా శ్రమిస్తున్నాను. ఫంక్షన్ అయ్యాక కంప్యూటర్లో చూసి అత్తగారు ఒకే మాట అడిగారు. "అల్లుడుగారూ, ఇవన్నీ నీళ్లలో తీశారా?"

నాకు జరిగిన అవమానమైతే దిగమింగేవాణ్ణి. మెగాపిక్సెల్‌కి జరిగింది కాబట్టి కలం పట్టక తప్పలేదు.

ముందు స్థలం సంగతి. జేబులో పట్టే చాలా కెమెరాల్లో బొమ్మ పడే సెన్సర్ 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు, అంటే దాదాపు 28 చదరపు మిల్లీమీటర్లు. పెద్ద ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో 864. ఆ గోరంత జాగాలో కంపెనీలు చుక్కకొకటి చొప్పున 2 కోట్ల ప్లాట్లు వేశాయి. చెరువు శిఖం భూమిలో వెంచర్ వేసేవాడికి కూడా ఇంత గుండె ఉండదు. ఒక్కో ప్లాటు వెడల్పు 1.2 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), రోడ్లు లేవు, పార్కు లేదు, అయినా అన్నీ అమ్ముడుపోయాయి, కొన్నది నేనే.

ప్లాటు చిన్నదైతే దాంట్లో పడే వెలుతురూ తక్కువే. ఎండలో ఫర్వాలేదు, కుండపోత వానలో చెంబైనా నిండుతుంది. హోమం గదిలో ఒక ట్యూబ్‌లైటు, దాని నిండా పొగ, అక్కడ చుక్కా చుక్కే. అప్పుడు కెమెరా, పడిన కాస్త వెలుతురునే పెంచి చూపించే ఐఎస్‌ఓ అనే మోటారు వేస్తుంది. మోటారు వేస్తే బోరులో నీళ్లు పెరగవు కదా, అడుగున ఉన్న బురద కూడా పైకొస్తుంది, 100 దగ్గర తేటగా ఉన్న బొమ్మ 1600కి వచ్చేసరికి రంగురంగుల చుక్కలు. దాన్ని వడకట్టడానికి లోపల ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, అది చాలా నిజాయితీగా పనిచేసి బురదతో పాటు మామగారి కనుబొమలు, పట్టుచీర జరీ కూడా తీసేస్తుంది. అత్తగారి పరిశీలన శాస్త్రీయంగా సరైనదేనని ఒప్పుకుంటున్నాను.

నా పాత కెమెరా 5 మెగాపిక్సెళ్లది. చెయ్యి అప్పుడూ వణికేది, కానీ ఎవరికీ తెలిసేది కాదు. అడ్డంగా 2592 చుక్కలుండేవి ఇప్పుడు 5184 అయ్యాయి, డబ్బా మీద 4 రెట్లని రాసుకున్నా వెడల్పులో పెరిగింది 2 రెట్లే, అయితే ఒక చుక్కలో దాక్కున్న వణుకు ఇప్పుడు రెండు చుక్కల్లోకి పాకి, తెర మీద పెద్దది చేసి చూసేసరికి బయటపడిపోతోంది. డబ్బిచ్చి మరీ నా చేతి పరువు తీయించుకున్నాను. ఆల్బమ్‌లో పెట్టే 4x6 ఫోటోకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 22 లక్షలు చాలు. మిగతా కోటీ 80 లక్షలు మెమరీ కార్డులో పడుకుంటున్నాయి.

2008లో కేనన్ వాళ్లు జీ10 అనే చిన్న కెమెరాలో 14.7 మెగాపిక్సెళ్లు పెట్టి, మరుసటి ఏడాది జీ11లో 10కి దించారు. లేఅవుట్ వేశాక ప్లాట్లు కలిపి పెద్దవి చేసిన రియల్టర్‌ని నేనింతవరకు చూడలేదు. ఇలాంటివాళ్ల వల్లే వ్యాపారం పాడవుతుంది.

మా వీధి స్టూడియో ఆయన కూడా అదే బాపతు. మోచేతులు డొక్కలకు ఆనించండి, గుంజకు ఆనుకోండి, బటన్ సగం నొక్కి బీప్ వచ్చేదాకా ఆగండి, ఐఎస్‌ఓ 200 దాటనివ్వకండి, జూమ్ లాగితే వెలుతురు తగ్గి వణుకు పెరుగుతుంది కాబట్టి మీరే నాలుగడుగులు ముందుకెయ్యండి, మనుషుల్ని కిటికీ దగ్గరికి పిలవండి, లేదా కెమెరా స్టూలు మీద పెట్టి 2 సెకన్ల టైమరు వాడండి అన్నాడు. వణుకు ఆపే స్టెబిలైజర్ ఉందండీ అంటే, అది మీ చేతిని ఆపుతుంది గానీ పాలు పొంగేటప్పుడు గంతులేసే పిల్లల్ని ఆపదన్నాడు. చివర్లో లెన్స్ తుడిచారా అని అడిగాడు. తుడిచానన్నాను. బూందీ లడ్డూ తిన్న చేత్తో అని చెప్పలేదు.

ఇవన్నీ మనమే చేసుకుంటే ఇక 20 మెగాపిక్సెళ్లు కొన్న మనిషికీ కొననివాడికీ తేడా ఏముంది?

వందల ఫోటోల్లో ఒక్కటి మాత్రం అద్భుతంగా వచ్చింది. పొద్దున్నే ఎవరూ రాకముందు, కెమెరా కొత్త ప్రహరీ గోడ మీద పెట్టి మంచి ఎండలో తీసింది. గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం, ఒక్కో ఆకు ఈనెలు లెక్కపెట్టుకోవచ్చు. బావమరిది దాన్నే ఫ్రేము కట్టించి హాల్లో పెట్టాడు. గృహప్రవేశం ఫోటోలేవీ అని ఎవరడిగినా దాన్నే చూపించి "మా బావ తీశాడు" అంటున్నాడట.