గొర్రు కట్టి చూపించండి

పాతకాలపు సేద్యాన్ని చేసి చూపించే మ్యూజియాలు విదేశాల్లో ఉన్నట్టే మన ఒంగోలు, నెల్లూరు వైపు కూడా పెట్టి, బడిపిల్లల్ని తీసుకెళ్లాలన్న మీ వ్యాసం బాగుంది. కానీ వస్తువులు వరసగా పేర్చి కింద పేర్లు రాస్తే పిల్లలు సెల్ఫీలు దిగి వచ్చేస్తారు. సాళ్లలో విత్తనం వేసే గొర్రుని ఎద్దులకి కట్టి నడపాలి. గొర్రు గొట్టాల పైనుండే గిన్నెలో, అంటే జడ్డిగంలో, గింజలు పోసే ఆవిడ పిడికిలి ఎలా వదులుతుందో దగ్గరగా చూడాలి. చెయ్యి కాస్త బిగిస్తే ఒక గొట్టంలోకి గింజ సరిగా దిగదు, ఆ సాలు బోసిగా ఉండిపోతుంది. మొలక వచ్చాకగానీ ఆ తప్పు బయటపడదు. పిల్లల చేత కూడా ఓ గుప్పెడు పోయించాలి.

ఇక పశువులంటారా, ఒంగోలు జాతిని పెంచే చదలవాడ పశుక్షేత్రం మన ప్రకాశం జిల్లాలోనే ఉంది. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్లలో ఉన్న పశువులు ఈ జాతి సంతానమే. మన పిల్లలకి ఈ సంగతి చెప్పేదెవరు?

ఇంకోటి, నెల్లూరు వైపు పెద్ద పంట ఈశాన్య రుతుపవనాల వానలతో మొదలై ఫిబ్రవరి, మార్చిల్లో కోతకొస్తుంది. కాబట్టి ఒకే తరగతిని నాట్లప్పుడోసారి, కోతలప్పుడోసారి తీసుకెళ్లాలి. బస్సుడు పిల్లల్ని ఒకేసారి గట్టు మీద నిలబెడితే వెనకవాళ్లకి ముందువాళ్ల వీపులే కనిపిస్తాయి, పది పన్నెండు మంది చొప్పున పంపాలి. మంచినీళ్లు, బాత్రూములు సరేసరి, ఆడపిల్లలున్నప్పుడు మరీనూ.

చేసి చూపించే పెద్ద రైతులకి మాత్రం శాలువాతో సరిపెట్టకుండా రోజుకింతని డబ్బులివ్వండి.