నీతులు స్కూటరుకు, మినహాయింపు లోడరుకు

రోడ్డు మీద కాంక్రీటు పరిచే వైట్‌టాపింగ్ పేరుతోనో, కాలువల పేరుతోనో, మెట్రో పేరుతోనో తవ్వని రోడ్డు బెంగళూరులో వెతికినా దొరకడం లేదన్న సంగతి పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కర్లేదు. ఇవాళ మా ప్రశ్న తవ్వకం గురించి కాదు, తవ్విన మట్టిని ఎత్తిపోసే యంత్రం, అంటే లోడరు గురించి. నగరంలోని ఒక రోడ్డు పనికి సంబంధించిన టెండరు పత్రం ఈ వారం మా బల్ల మీదికి వచ్చింది. సిమెంటు ఏ గ్రేడుది వాడాలో, ఇనుప చువ్వ ఎంత మందం ఉండాలో, పని ఆలస్యమైతే రోజుకు ఎంత జరిమానా కట్టాలో, చివరికి కూలీల హెల్మెట్లు ఎలా ఉండాలో కూడా రాసిన ఆ పత్రం, లోడరు దగ్గరకు వచ్చేసరికి బకెట్టు సామర్థ్యం, యంత్రం వయసు, సొంతమా అద్దెదా అనే మూడు గడులతో సరిపెట్టింది. ఆ యంత్రం దేనితో నడుస్తుందో చెప్పాల్సిన గడి అందులో లేనే లేదు.

ఇదేదో గుమాస్తా పొరపాటు అయితే మేము సంపాదకీయం రాసేవాళ్లం కాదు. విద్యుత్ వాహనాలకంటూ ప్రత్యేక విధానాన్ని 2017లో దేశంలో అందరికంటే ముందు ప్రకటించిన రాష్ట్రం కర్ణాటక. బెంగళూరు నగర రవాణా సంస్థ బీఎంటీసీ 1000కి పైగా విద్యుత్ బస్సులను రోడ్ల మీద తిప్పుతోంది. పెట్రోలు స్కూటరు మానుకోండి, ఆటో మార్చుకోండి, అపార్ట్‌మెంటులో చార్జింగ్ పాయింటు పెట్టుకోండి అని జీతగాడికీ, ఆటో నడుపుకునేవాడికీ ప్రభుత్వం చెప్పని రోజు లేదు. చెప్పడం మంచిదే, మేమూ చెప్పాం. కానీ తన డబ్బుతో, తన సంతకంతో, తన ఇంజనీర్ల పర్యవేక్షణలో జరిగే పనికి మాత్రం ఆ నీతి వర్తించదట. పొగరాని బస్సు ఆగిన స్టాపుకు పది అడుగుల దూరంలో నల్లటి పొగ కక్కుతూ లోడరు మట్టి ఎత్తుతుంటే, ఆ రెంటికీ డబ్బు చెల్లించేది ఒకే ఖజానా అయినప్పుడు, దాన్ని కపటం అనకుండా మరేమనాలి?

ఈ మినహాయింపు ఇవాళ్టిది కాదు. కొత్తగా అమ్మే కార్లు, స్కూటర్లు 2020 ఏప్రిల్ 1 నుంచి పొగను కట్టడి చేసే బీఎస్-6 ప్రమాణాలకు మారి తీరాల్సిందేనని కేంద్రం పట్టుబట్టింది, మార్పించింది కూడా. అదే నిర్మాణ యంత్రాల విషయంలో నాలుగో దశ పొగ ప్రమాణాలు 2020 అక్టోబరు నుంచి 2021 ఏప్రిల్‌కు వాయిదా పడ్డాయి. ఐదో దశ 2024 ఏప్రిల్ నుంచి 2025 జనవరికి వాయిదా పడింది. అప్పుడైనా అవి కొత్తగా అమ్మే యంత్రాలకే వర్తిస్తాయి తప్ప, చేతులు మారుతూ పదేళ్లుగా తిరుగుతున్న పాత లోడర్లకు కాదు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం జాబితాలో ఉన్న నగరం ఇది. ఇక్కడి కూడళ్లలో ఆటోను ఆపి పొగ పరీక్ష కాగితం అడగడం మనం రోజూ చూసేదే. లోడరును ఆపి అడిగిన దృశ్యం మా విలేకరుల్లో ఒక్కరికైనా ఎదురుపడలేదు.

లోడరు పనిని ఒక పది నిమిషాలు నిలబడి చూసినవారికి డీజిల్ ఇంజను ఆ పనికి ఎంత పొసగనిదో అర్థమవుతుంది. కుప్పలోకి బకెట్టు దిగే క్షణంలో ఆపరేటరు యాక్సిలరేటరు గట్టిగా తొక్కుతాడు, గొట్టంలోంచి నల్లటి పొగ ఒక్కసారిగా ఎగుస్తుంది. యంత్రం వెనక్కి వస్తుంది, మలుపు తీసుకుంటుంది, టిప్పరులో మట్టి పోస్తుంది, మళ్లీ కుప్ప వైపు వెళుతుంది. టిప్పరు నిండి బయలుదేరాక తర్వాతి టిప్పరు ట్రాఫిక్‌లో చిక్కుకుంటుంది కదా, అది వచ్చేదాకా ఇంజను ఆపకుండా గుడగుడమంటూ ఊరికే డీజిల్ తాగుతుంటుంది. పది అడుగులు ముందుకు, పది అడుగులు వెనక్కు వెళ్లే పని ఇది, హైవే మీద సాగిపోయే పని కాదు. విద్యుత్ మోటారు కదలిక మొదలైన క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది, దానికి ఇంజను వేగం పెంచి రొద చేయాల్సిన అవసరం లేదు. చక్రాలకు ఒక మోటారు, బకెట్టును ఎత్తే హైడ్రాలిక్ పంపుకు మరో మోటారు వేరువేరుగా ఉండే యంత్రాల్లో ఒకటి పనిచేస్తున్నప్పుడు రెండోది దాని బలాన్ని లాక్కోదు. వేగం తగ్గించిన ప్రతిసారీ కొంత శక్తి బ్యాటరీకి తిరిగి చేరుతుంది. టిప్పరు కోసం ఎదురుచూసేటప్పుడు మోటారు దాదాపుగా ఏమీ ఖర్చు చేయదు. బ్యాటరీ బరువు కారుకు భారం కావచ్చు గానీ లోడరుకు కాదు. ముందు బకెట్టులో టన్నుల మట్టి ఎత్తినప్పుడు బండి ముందుకు ఒరగకుండా వెనక వైపు ఎలాగూ ఇనుప దిమ్మ బరువు పెట్టాల్సిందే కాబట్టి, ఆ బరువులో కొంత బ్యాటరీయే అవుతుంది.

లెక్క కూడా దాచాల్సినంత కష్టమైనదేమీ కాదు. జనం జేసీబీ అని పిలుచుకునే బ్యాక్‌హో లోడరు గంటకు 5 లీటర్ల డీజిల్ తాగుతుందనుకుందాం, లీటరు 90 రూపాయలనుకుందాం, అంటే గంటకు 450 రూపాయలు. లీటరు డీజిల్‌లో సుమారు 10 యూనిట్ల శక్తి ఉన్నా అందులో అసలు పనికి అందేది ఇంచుమించు మూడో వంతే, మిగిలినదంతా వేడిగా పోతుంది. అదే పనిని విద్యుత్ యంత్రం దాదాపు 20 యూనిట్లతో చేస్తుంది. తాత్కాలిక కనెక్షన్ ఖరీదైనదే అనుకుని యూనిట్‌కు 10 రూపాయలు వేసినా 200 రూపాయలు దాటదు. ఏడాదికి 2000 గంటలు నడిచే యంత్రానికి ఆ తేడా 5 లక్షల రూపాయలు. ఇంజన్ ఆయిలు, డీజిల్ ఫిల్టర్లు, కొత్త ప్రమాణాల ఇంజన్లకు తప్పని పొగ వడపోత పరికరాలు, వాటి మరమ్మతులు ఈ లెక్కలో చేర్చలేదు. సైట్లలో డబ్బాలకెత్తి అమ్ముకునే డీజిల్ సంగతీ చేర్చలేదు. దాని గురించి ఏ కాంట్రాక్టరును అడిగినా ముందు నవ్వుతాడు, తర్వాత మాట మారుస్తాడు. ఒక లీటరు డీజిల్ కాలితే 2.68 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలో కలుస్తుంది కాబట్టి పై యంత్రం గంటకు 13 కిలోలకు పైగా వదులుతున్నట్టు.

అయితే మమ్మల్ని కలవరపెడుతున్నది రూపాయల లెక్క కన్నా ఊపిరితిత్తుల లెక్క. డీజిల్ ఇంజను పొగ మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లోనే తేల్చి, దాన్ని పొగాకు, ఆస్బెస్టాస్ ఉన్న మొదటి వర్గంలో చేర్చింది. ఆ పొగను అందరికంటే దగ్గరగా పీల్చేది ఎవరు? మొహానికి తువ్వాలు కట్టుకుని క్యాబిన్‌లో కూర్చున్న ఆపరేటరు, బకెట్టు పక్కనే పార పట్టుకుని నిలబడే కూలీ. పాలమూరు నుంచి, అనంతపురం నుంచి, కర్నూలు నుంచి ఈ నగరానికి మట్టిపనికి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న మనవాళ్లలో ఎందరో ఆ వరుసలో ఉన్నారు. మూడంతస్తుల లోతు బేస్‌మెంటు గుంతలో లోడరు తిరుగుతుంటే ఆ పొగ పైకి పోయే దారి లేక అక్కడే సుడి తిరుగుతుంది. రాత్రి పూట నివాస ప్రాంతంలో శబ్దం 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతుండగా, పగటి ట్రాఫిక్ సాకుతో రాత్రి పదకొండు దాటాక మట్టి ఎత్తే పనులే ఎక్కువ. మారతహళ్లి, కె.ఆర్.పురం వైపు నుంచి మాకు ఉత్తరాలు రాసే పాఠకులు నిద్ర గురించే రాస్తారు. విద్యుత్ లోడరు వచ్చినంత మాత్రాన దుమ్ము పోదు, బకెట్టు టిప్పరుకు కొట్టుకునే చప్పుడూ పోదు, వెనక్కి వచ్చేటప్పటి హారన్ కూడా పోదు, అది మేము ఒప్పుకుంటాం. ఎడతెగని ఇంజను మోత పోతుంది, పొగ పోతుంది. రాత్రి పని చేయక తప్పదని వాదించేవారికి కనీసం ఆ రెండు తగ్గించే బాధ్యత లేదా?

విద్యుత్ యంత్రం కొనుగోలు ధర చాలా ఎక్కువనీ, ఒక చార్జింగ్‌తో రోజంతా పని జరగదనీ, సైట్‌లో కరెంటు నమ్మకంగా ఉండదనీ కాంట్రాక్టర్లు అంటున్నారు, అందులో కొంత నిజం ఉంది. కానీ ఆ నిజాన్ని అడ్డం పెట్టుకుని ప్రభుత్వం చేతులు ముడుచుకోవడం నిజాయితీ కాదు. ఇదే నగరం కింద మెట్రో సొరంగాలు తవ్విన భారీ బోరింగ్ యంత్రాలు నడిచింది కరెంటుతోనే. భూమి కింద వందల టన్నుల యంత్రానికి నిరాటంకంగా అందిన విద్యుత్తు, పైకి వచ్చిన మట్టిని ఎత్తే లోడరుకు మాత్రం అందదంటే నమ్మేదెవరు? కరెంటు కూడా బొగ్గుదే కదా అనేవారు ఒక్కసారి పావగడ వెళ్లి రావాలి. తెలుగు మాట్లాడేవారు వేల సంఖ్యలో ఉన్న ఆ తాలూకాలో 2050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు ఉంది, పగటి పని గంటల్లోనే అది ఉత్పత్తి చేస్తుంది. ఇక యంత్రాలు ఎక్కడున్నాయనే ప్రశ్న. వోల్వో సంస్థ చిన్న లోడర్లలో డీజిల్ నమూనాల అభివృద్ధి ఆపి విద్యుత్ వైపు వెళతామని 2019లోనే ప్రకటించింది. ఓస్లో నగరం తన పురపాలక నిర్మాణ పనుల్లో 2025 నుంచి పొగరాని యంత్రాలే వాడాలని పట్టుబట్టింది. అంత దూరం ఎందుకు, రెండేళ్లకోసారి తుమకూరు రోడ్డులో మాదావర దగ్గర జరిగే నిర్మాణ యంత్రాల ప్రదర్శన ఎక్స్‌కాన్‌కు వెళితే విద్యుత్ యంత్రాలు వరుసగా నిలబెట్టి ఉంటాయి. వాటి పక్కన నిలబడి ఫొటోలు దిగిన పెద్దలకు, మర్నాడు టెండరు మీద సంతకం పెట్టేటప్పుడు అవి ఎందుకు గుర్తుకు రావడం లేదు?

ఈ భారాన్ని తీసుకెళ్లి అప్పు చేసి ఒకే ఒక్క జేసీబీ కొనుక్కుని గంటల లెక్కన అద్దెకిచ్చుకునే చిన్న యజమాని నెత్తిన పడేయాలని మేము అనడం లేదు. నెల నెలా కంతులు కట్టుకుంటున్న అతనికి రేపటి నుంచి బండి ఆపమని చెప్పడం మరో అన్యాయం. 10,900 కోట్ల రూపాయలతో కేంద్రం 2024లో తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో బస్సుకు చోటుంది, ట్రక్కుకు చోటుంది, అంబులెన్సుకు చోటుంది, లోడరుకు లేదు. అక్కడా అదే మినహాయింపు, ఈసారి సాయం నుంచి. రాష్ట్రం వడ్డీ రాయితీ ఇవ్వవచ్చు, కేంద్రాన్ని అడగవచ్చు. అవి తేలేలోగా కోట్ల రూపాయల పనులు దక్కించుకునే పెద్ద సంస్థలతో, అదీ ప్రభుత్వ సొమ్ముతో జరిగే పనుల్లో, మొదలుపెట్టడానికి అడ్డేమిటి?

మేము అడుగుతున్నది చిన్న సంగతి. మహానగర పాలికను ఐదు కార్పొరేషన్లుగా విడదీసి, గ్రేటర్ బెంగళూరు అథారిటీని నెలకొల్పి, పాలన దగ్గరకు వచ్చిందని చెప్పుకుంటున్నారు. ఆ ఐదింటిలో ఏదో ఒకటి తన తదుపరి టెండరులో లోడర్లలో ఇంత వంతు విద్యుత్‌వి ఉండాలని రాయాలి. ఆసుపత్రులు, బడుల పక్కన జరిగే పనులకూ, రాత్రి పనులకూ ముందుగా దాన్ని తప్పనిసరి చేయాలి. సైట్‌కు తాత్కాలిక కనెక్షన్‌ను పని ఉత్తర్వుతో పాటే ఇప్పించే బాధ్యత విద్యుత్ సరఫరా సంస్థ బెస్కాంతో మాట్లాడి తీసుకోవాలి. లేదంటే ఆ విద్యుత్ లోడరును డీజిల్ జెనరేటరుతో చార్జ్ చేసే వింత కూడా ఈ నగరం చూడాల్సి వస్తుంది. పరిశీలిస్తాం, కమిటీ వేస్తాం, దశలవారీగా చేస్తాం అనే జవాబులు నిర్మాణ యంత్రాల విషయంలో 2020 నుంచి వింటూనే ఉన్నాం, ఇంకోసారి వినే ఓపిక మాకు లేదు. అధికారులు తమ పనుల్లో ఒక్క యంత్రాన్ని మార్చలేనప్పుడు, నెలకు పదిహేను వేలు సంపాదించే మనిషిని స్కూటరు మార్చుకోమనే ప్రకటనలకు ప్రజల డబ్బు తగలేయడం ముందు ఆపాలి.