నొప్పి మందు గడియారం చూసి ఇవ్వాలి

తెలంగాణలో నూటికి అరవై కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఇన్ని కోతలెందుకన్న చర్చ అప్పటినుంచీ నడుస్తూనే ఉంది. కోత పడ్డాక ఆ తల్లి పడే నొప్పి మాత్రం ఎవరికీ పట్టలేదు.

వార్డులో జరిగేది తెలిసిందే. మత్తు దిగగానే నొప్పి మొదలవుతుంది. "కాస్త ఓర్చుకోమ్మా" అంటారు. ఓర్చుకోలేక ఏడిస్తే వాళ్లమ్మ పరుగెత్తి నర్సును పిలుచుకొస్తుంది. అప్పుడు ట్రమడాల్ ఇంజెక్షన్. అది నల్లమందు కోవలోది, 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందకు తెచ్చారు. నొప్పి తగ్గినా కడుపులో తిప్పుతుంది. పచ్చి కుట్లను చేత్తో అదిమిపట్టుకుని వాంతి చేసుకోవడం నరకం. పైగా పాలిచ్చే తల్లులకు ఈ మందు వద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లోనే హెచ్చరించింది.

చాలామందికి దీని అవసరమే రాదు. పారాసిటమాల్, డైక్లోఫెనాక్ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి. కిడ్నీ జబ్బు, అల్సర్ లాంటివి లేనివాళ్లకు రెండూ కలిపి, నొప్పి ఉన్నా లేకున్నా వేళకు ఇస్తే అది ముదరదు. థియేటర్లోనే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ పొట్ట కండరాల పొరల మధ్య బుపివకైన్ అనే తిమ్మిరి మందు ఎక్కిస్తే తొలి గంటలు తేలిగ్గా గడుస్తాయి. లింగనిర్ధారణ నిషేధ చట్టం కింద ప్రతి మిషన్‌కూ రిజిస్ట్రేషన్ కావాలి కాబట్టి, థియేటర్‌కు ఒకటి తెప్పించడమే ప్రయాస. మిషన్ లేకుంటే, కుట్లు వేసేటప్పుడే గాయం అంచుల్లో ఆ మందు వేయొచ్చు.

మన దేశంలో క్యాన్సర్ రోగులకే మార్ఫిన్ అందడం లేదు, ఓపియాయిడ్లు (ట్రమడాల్, మార్ఫిన్ లాంటి నల్లమందు కోవ మందులు) వద్దనడమేంటని కొందరు డాక్టర్లు అంటారు. క్యాన్సర్ రోగులకూ, పెద్ద ఆపరేషన్లకూ మార్ఫిన్ అందాల్సిందే. అలాగని ప్రతి కోతకూ అదే దారి కాదు. చిన్న, మధ్యస్థాయి ఆపరేషన్ల తర్వాత ఇంటికి ఓపియాయిడ్లు రాసిచ్చినా నొప్పి అదనంగా తగ్గలేదని, వాంతులు మాత్రం పెరిగాయని 47 ట్రయల్స్‌ను కలిపి చూసిన పరిశోధనను వైద్య పత్రిక లాన్సెట్ 2022లో ప్రచురించింది.

మందులకు కరువు లేదు, కరువంతా మనుషులకే. వార్డు మొత్తానికి రాత్రి ఒక్క నర్సు ఉంటే ఆరు గంటలకోసారి ప్రతి మంచం దగ్గరికీ ఎలా వెళ్తుంది? పిలిచినచోటికే వెళ్తుంది. గట్టిగా ఏడ్చినామెకు ఇంజెక్షన్, మొహమాటపడ్డామెకు ఓర్పు. ఆసుపత్రి భవనాలకు కొబ్బరికాయలు కొట్టే ప్రభుత్వాలు నర్సు పోస్టుల దగ్గరికొచ్చేసరికి కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ అంటాయి. ఆ పోస్టులు రెగ్యులర్‌గా నింపాలి. ఈలోగా కేస్‌షీట్‌లో బీపీ, పల్స్ పక్కన నొప్పికీ ఒక గడి గీయాలి. దానికి సూపరింటెండెంట్ సంతకం చాలు.